అన్నాలయ్యాక ఏం పెడదాం? ఇంటి తెరకు సినిమా, సిరీస్ ఎంచుకునే లెక్క

రాత్రి ఎనిమిదిన్నర. అన్నాలయ్యాయి, పిలకాయలు టీవీ ముందు చాప పరిచారు, రిమోటు చేతులు మారుతోంది. అరగంట వెతుకులాటకే పోయింది. చివరికి పోయినవారం సగంలో ఆపిన సినిమానే మళ్ళీ పెట్టారు. నెల్లూరులోనైనా, కందుకూరులోనైనా, పొదిలిలోనైనా చాలా ఇళ్ళలో ఇదే వరస. మంచి సినిమాలకు కొదవ లేదు. థియేటరు కొలతతో ఇంటికి సినిమా ఎంచుకోవడంలోనే చిక్కంతా ఉంది.

థియేటర్లో చీకటి ఉంటుంది, ఎవరూ లేవరు, శబ్దం నాలుగు వైపుల నుంచీ వస్తుంది. ఇంట్లో కుక్కరు కూస్తుంది, ఫోను మోగుతుంది, నాయనమ్మకు సగం మాటలు వినబడవు, పదింటికి ఒకరు నిద్రకు లేస్తారు. అందుకే హీరో ఎవరు, రేటింగు ఎంత అన్నవి తర్వాతి సంగతి. గదిలో ఎవరెవరున్నారు, చేతిలో ఎన్ని గంటలున్నాయి, మధ్యలో లేచివస్తే కథ అందుతుందా అన్నవి ముందు తేల్చుకోవాలి. ఈ మూడింటిలో జనం అస్సలు పట్టించుకోనిది చివరిది. దాంతోనే మొదలుపెడదాం.

లేచి వెళ్ళొచ్చా, కూడదా

దృశ్యం (2014, వెంకటేష్, మీనా) మొదటి ముప్పావు గంట నింపాదిగా నడుస్తుంది. కేబుల్ టీవీ నడిపే రాంబాబు, అతని ఇల్లు, పిసినారితనం, ఆఫీసులో కూర్చుని చూసే సినిమాలు. ఈ భాగంలో మజ్జిగ కలిపి రావచ్చు, మిద్దె మీది బట్టలు తీసి రావచ్చు. అనుకోని ఘటన జరిగాక మాత్రం ఎవరూ లేవకూడదు. బస్సు టికెట్లు, లాడ్జి బిల్లు, సినిమా టికెట్లు ఒక్కొక్కటీ ఆ కుటుంబం చేతికి ఎప్పుడు, ఎలా వచ్చాయన్నదే కథంతా. పది నిమిషాలు తప్పితే పోలీసు విచారణ మొత్తం చప్పగా అనిపిస్తుంది, తప్పు సినిమాదే అనుకుంటాం. ఇంటిల్లిపాదికీ తెలుగుదే పెట్టండి. ఇద్దరే ఉండి, సబ్‌టైటిల్స్ చదివే ఓపికుంటే 2013 నాటి మలయాళ మాతృక మేలు. చివర్లో మోహన్‌లాల్ ముఖం ఏమీ ఒప్పుకోకుండానే అంతా చెబుతుంది.

మహారాజ (2024, విజయ్ సేతుపతి) ఇంకా కఠినం. లక్ష్మి పోయింది, వెతికిపెట్టండని ఒక మంగలి పోలీసు స్టేషనుకు వస్తాడు. లక్ష్మి అంటే చెత్తడబ్బా. అక్కణ్ణుంచి కథ కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంది, ఏది ఎప్పటిదో చెప్పదు. వంటింట్లోంచి వచ్చి ‘ఏమైంది?’ అని అడిగినవారికి జవాబు చెబితే అసలు మలుపు పోతుంది, చెప్పకపోతే వాళ్ళకేమీ అర్థంకాదు. పైగా లోపలి విషయం చాలా బరువైంది. పిలకాయలు పడుకున్నాకే, ఫోన్లు పక్కన పెట్టే చూడాలి. అలా చూస్తే ఈ మధ్య వచ్చిన తమిళ సినిమాల్లో ఇంత కట్టుదిట్టంగా అల్లిన కథ అరుదు. గూడూరు, నాయుడుపేట వైపు తమిళం వచ్చిన ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు డబ్బింగు జోలికి పోకుండా తమిళంలోనే చూడాలి. సేతుపతి గొంతులోని అలసట డబ్బింగులో దొరకదు.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నది అమృతం. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన ఈ సీరియల్ 313 భాగాలు. అమృతరావు, ఆంజనేయులు, హోటలు, ఇంటి ఓనరు అప్పాజీ. ఏ భాగానికి ఆ భాగమే కథ. వరసలో చూడనక్కర్లేదు, మధ్యలో లేచినా నష్టం లేదు, యూట్యూబులో దొరుకుతుంది. రోజూ అన్నం తినేటప్పుడు ఏదో ఒకటి ఆడాలనే ఇళ్ళకు ఇంతకంటే మంచి ఎంపిక చెప్పలేం.

పిలకాయలు ఉన్నప్పుడు

ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వాళ్ళుంటే పోటీ మూడింటి మధ్యనే: మాయాబజార్, ఆదిత్య 369, ఈగ.

మాయాబజార్ (1957) మూడు గంటలు దాటుతుంది. అది తెలియక రాత్రి ఎనిమిదింటికి మొదలుపెడతారు. వివాహభోజనం పాట రెండో సగంలో వస్తుంది, ఈలోగా చిన్నవాళ్ళు నిద్రపోతారు. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టండి, లేదా రెండు రాత్రులుగా చూడండి. నిద్రపోతున్న శశిరేఖను మంచంతో సహా ఘటోత్కచుడు ఆకాశంలో తెచ్చేసుకునే ఘట్టం దగ్గర ఆపితే సరిగ్గా కుదురుతుంది. మర్నాడు మాయాశశిరేఖతో మొదలవుతుంది. సావిత్రి ఎస్వీ రంగారావు నడకనూ విరుపునూ పట్టుకునే భాగమంతా ఆ రెండో రాత్రికి దక్కుతుంది.

పిలకాయలకు ముందే ఒక మాట చెప్పి పెట్టండి. ఇందులో ప్రియదర్శిని అనే పెట్టె వస్తుంది. మూత తెరిచి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనబడుతుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు, బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు. ఇవాళ ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని వీడియో కాల్ మాట్లాడే పిల్లకు ఆ దృశ్యం చూపిస్తే, పాత సినిమా అన్న విముఖత అక్కడే పోతుంది. పాండవులు అయిదుగురూ ఒక్కసారైనా తెరమీదకు రారన్నది ఇంకో సంగతి. చూశాక అడగండి, గమనించినవాళ్ళు తక్కువ. చినమయగా వేసిన రమణారెడ్డి మన నెల్లూరు జిల్లా మనిషి. ఆ బక్కపలచని ఒంటితో రంగారావు పక్కన నిలబడితే చాలు, మాట రాకముందే నవ్వొస్తుంది.

రంగుల మాయాబజారా, తెలుపు నలుపుదా? 2010లో విడుదలైన రంగుల ప్రతి చిన్నపిల్లల్ని కూర్చోబెట్టడానికి పనికొస్తుంది. కానీ అందులో నిడివి తగ్గించారు, చతురస్రానికి దగ్గరగా ఉన్న పాత ఫ్రేమును వెడల్పు తెరకు మార్చారు. వెడల్పు చేయాలంటే పైనా కిందా ఎంతోకొంత పోవాల్సిందే. మార్కస్ బార్ట్లే వెన్నెలను తెలుపు నలుపుల్లోనే తీశాడు. పడవ పాటలో నీళ్ళ మీది మెరుపు రంగు పూశాక పలచబడుతుంది. మొదటిసారి చూసే ఏడేళ్ళ పిల్లకు రంగులది, మిగతా అందరికీ పాతదే.

ఆదిత్య 369 (1991) తీసిన సింగీతం శ్రీనివాసరావు కూడా నెల్లూరు జిల్లావారే. కె.వి. రెడ్డి దగ్గర మాయాబజార్‌కు సహాయ దర్శకుడిగా పనిచేశారు. ఒకటి చూశాక రెండోది చూపిస్తే ఆ పోలిక పెద్దవాళ్ళకూ ఆసక్తిగా ఉంటుంది. కాలయంత్రం ఎక్కి 1526లో కృష్ణదేవరాయల సభకు వెళ్ళి, అక్కణ్ణుంచి 2504కు వెళతారు. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ ఉన్న రాయల భాగం పిల్లల్ని కట్టిపడేస్తుంది. భవిష్యత్తు భాగం, నిజం చెప్పాలంటే, ఇప్పటి కళ్ళకు కాస్త వెలవెలబోతుంది. తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకు ఇదే మొదటి ఎంపిక, కథ తర్వాత బోలెడు ప్రశ్నలు అడుగుతారు.

ఈగ (2012) మూడింటిలోకీ వేగమైంది. మాటలు రాకపోయినా కథ తెలుస్తుంది. అయితే మొదటి అరగంటలో నానిని చంపే దృశ్యం, తర్వాత వచ్చే మాంత్రికుడి ఘట్టం చిన్నవాళ్ళను భయపెడతాయి. అయిదేళ్ళ లోపు వాళ్ళుంటే ఆ రెండు చోట్లా ముందుకు జరపండి.

పెద్దవాళ్ళ కోసం

శంకరాభరణం (1980), సాగరసంగమం (1983) రెండూ కె. విశ్వనాథ్‌వే, రెండింటికీ బాలసుబ్రహ్మణ్యం జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. నెల్లూరులో పెరిగిన గొంతు, తిప్పరాజువారి వీధి ఇల్లు. ఇక్కడి పెద్దవాళ్ళకు ఆ పాటలు వినడమంటే సొంత మనిషిని పలకరించినట్టే. మరి ఏది పెట్టాలి? మీ ఇంట్లో స్పీకరు బాగుంటే శంకరాభరణం, టీవీ బాగుంటే సాగరసంగమం. మొదటిది చెవితో చూసే సినిమా. తంబురా శ్రుతి వినబడని సన్నటి టీవీ స్పీకర్లో శంకరశాస్త్రి పాట సగం చచ్చిపోతుంది. రెండోది దేహంతో చెప్పిన కథ. పెళ్ళివంటల పొగలో తల్లి పని చేస్తుంటే ఆ పందిట్లోనే కొడుకు ఆడే ఆట, తర్వాత వానలో బావి గట్టు మీద తాగిన కాళ్ళు తడబడుతూనే తాళం తప్పకపోవడం. వీటికి తెర పెద్దదై ఉండాలి. అందులో శైలజ పాత్ర వేసింది బాలు చెల్లెలు ఎస్.పి. శైలజే. అమ్మమ్మలు ఈపాటికి చెప్పే ఉంటారు.

పెద్దవాళ్ళలో ఎవరికైనా ఈమధ్యే ఇంట్లో చావు చూసిన బాధ ఉంటే సాగరసంగమం కొన్నాళ్ళు ఆపండి. బలగం (2023) కూడా అంతే. దినాల్లో కాకి ముట్టకపోవడం చుట్టూ తిరిగే కథ అది. తెలంగాణ పల్లెలోదైనా మన దగ్గర పిట్టకు పెట్టే ఆచారం తెలిసిన ప్రతి ఇంటినీ తాకుతుంది. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇంట్లో, అందరూ కలిసిన పండగ రోజున చూడదగ్గ సినిమా ఇది.

మాటలు వినబడనివారు ఇంట్లో ఉంటే

పుష్పక విమానం (1987)లో ఒక్క మాట ఉండదు. కమల్‌హాసన్, అమల. సింగీతంవారిదే. చెవులు సరిగా వినబడని తాతయ్య, తెలుగు రాని కోడలు, ఏడేళ్ళ మనవడు ఒకే చోట, ఒకే క్షణంలో నవ్వగలిగే సినిమా ఇంకొకటి చూపించడం కష్టం. కానీ మాటల్లేవు కదా అని శబ్దం తగ్గించకండి. గోలగోలగా ఉండే గదికి అలవాటుపడ్డ కుర్రవాడు పెద్ద హోటలు గదిలో నిశ్శబ్దానికి నిద్రపట్టక, తన పాత చోటి చప్పుళ్ళు టేపులో పట్టుకొచ్చి ఆడించుకుని పడుకుంటాడు. మ్యూట్‌లో చూసినవారికి ఆ ఘట్టం అసలు ఎందుకుందో తెలియదు. మాటల్లేవు కాబట్టి కళ్ళు తిప్పకూడదు. ఫోను చూస్తూ చూడాలనుకుంటే ఇది పెట్టొద్దు, అమృతం పెట్టుకోండి.

సిరీస్‌ల సంగతి

90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ (2024, ఈటీవీ విన్) ఆరు భాగాలు. లెక్కల మాస్టారు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, మార్కులు, ఉప్మా. శని ఆదివారాల్లో అయిపోతుంది. అమ్మానాన్నలతో, పిల్లలతో కలిసి ఎక్కడా రిమోటు వెతుక్కోకుండా చూడగలిగినదిగా ఇప్పటికీ ముందుండేది ఇదే. శివాజీ ఆ మాస్టారిగా ఎక్కువ చేయకపోవడమే దానికి ప్రాణం.

పంచాయత్ (2020, ప్రైమ్) హిందీ, మొదటి సీజను ఎనిమిది భాగాలు. దాన్నే తెలుగులో శివరపల్లి (2025) పేరుతో తీశారు. హిందీ కొంచెమైనా వస్తే అసలుదే చూడండి. ఆ ఊరి నెమ్మదితనం, ప్రధాన్‌గారి ఇంటి సొరకాయ, నీనా గుప్తా విసుగు అక్కడివే. హిందీ బొత్తిగా రాని పెద్దవాళ్ళ కోసమైతే శివరపల్లి సరిపోతుంది. రెండూ చూడటం మాత్రం అనవసరం.

సేవ్ ది టైగర్స్ (2023) భార్యాభర్తల సంసారాల మీద హాస్యం. మాటల్లో మోటుదనం ఉంది. దంపతులు, స్నేహితులు కలిసి చూసేది. దూత (2023) ఎనిమిది భాగాలు, పత్రికలో ముందే అచ్చయినది తర్వాత జరుగుతుంది. దాదాపు అంతా వాన, చీకటి. లైటు వేసుకుని చూస్తే నల్లటి తెర తప్ప ఏమీ కనబడదు. రానా నాయుడు (2023) వెంకటేష్ పేరు చూసి ఇంటిల్లిపాదీ కూర్చునే ప్రమాదముంది. ఆ భాష, దృశ్యాలు పెద్దవాళ్ళకు మాత్రమే. మొదటి భాగం మొదటి పది నిమిషాల్లోనే రిమోటు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఏది పెట్టినా ముందు మూలన వచ్చే గుర్తు చూడండి. యు అంటే అందరికీ, యు/ఏ పక్కన 7+, 13+, 16+ అని ఉంటుంది, ఏ అంటే పద్దెనిమిది దాటినవారికి. ఓటీటీల్లో దాని పక్కనే ఎందుకిచ్చారో కూడా రాస్తారు: భాష, హింస, లైంగిక విషయాలు. 13+ అని ఉన్నా కారణం ‘భాష’ అయితే ఒక రకం, ‘హింస’ అయితే ఒక రకం. ఇంట్లో ఏది ఇబ్బందో మీకే తెలుసు.

ప్రకాశం జిల్లా మనిషి సినిమా ఒకటి ఇక్కడే చెప్పాలి. ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చిన టి. కృష్ణ తీసిన ప్రతిఘటన (1985). విజయశాంతి కాలేజీ లెక్చరరు. నడివీధిలో ఆమెకు జరిగే అవమానం, చూసి తలవంచుకున్న జనం, తర్వాత తరగతి గదిలో ఆమె పాట. ఈనాటి ప్రతీకార సినిమాల కంటే దీనికి కోపం ఎక్కువ, ఆడంబరం తక్కువ. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలతో కలిసి చూడండి. చిన్నవాళ్ళతో వద్దు.

మాటలు వినబడవు, పాట వస్తే ఇల్లు అదురుతుంది

ఇంట్లో సినిమా చూసేవాళ్ళ మొదటి ఫిర్యాదు ఇదే. కారణం ఉంది. కొత్త సినిమాల శబ్దం 5.1గా, అంటే ఆరు దారుల్లో కలుపుతారు. మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకు వెళతాయి. మీ టీవీకి ఉన్నవి రెండే, అవీ కిందికి తిరిగి ఉంటాయి. ఆరు దారుల శబ్దాన్ని రెండింట్లోకి కుదించేసరికి మాట వెనక్కిపోతుంది. యాప్‌లో ఆడియో దగ్గర ‘తెలుగు’, ‘తెలుగు 5.1’ అని రెండు కనబడితే ఉత్త ‘తెలుగు’ ఎంచుకోండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో క్లియర్ వాయిస్ లాంటిది ఉంటే వేయండి, సరౌండ్ తీసేయండి. శంకరాభరణం లాంటి పాత మోనో (శబ్దమంతా ఒకే దారిలో వచ్చే) సినిమాలకు సరౌండ్ తీయడం మరీ ముఖ్యం, లేకపోతే గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది.

బొమ్మకు మూడు పనులు చాలు. వివిడ్ మోడ్‌లోంచి సినిమా మోడ్‌కు మార్చండి, వివిడ్‌లో తెలుపు నలుపు సినిమా నీలంగా కనబడుతుంది. కదలికలను మరీ నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు. అది వేసి ఉంటే సినిమా సీరియల్ లాగా కనబడుతుంది. పాత సినిమాను తెరంతా నిండేలా సాగదీయొద్దు. పక్కన నల్లని పట్టీలు ఉండాల్సిందే, సాగదీస్తే అందరి ముఖాలూ అడ్డంగా పెరుగుతాయి. సెట్టాప్ బాక్సులో వేరే, టీవీలో వేరే సెట్టింగు ఉంటుంది, రెండూ చూడాలి.

నెట్ లెక్క. హెచ్‌డీలో గంటకు సుమారు 3 జీబీ, మామూలు నాణ్యతలో 1 జీబీ, 4కేలో 7 జీబీ దాకా అవుతుంది. రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోను ప్యాకుతో హాట్‌స్పాట్ పెట్టి రెండున్నర గంటల సినిమా చూడాలంటే మామూలు నాణ్యతలో కూడా గంటన్నరకే అయిపోతుంది. క్లైమాక్సుకు ముందు బొమ్మ తిరుగుతూ ఉండటానికి కారణం అదే. ముందురోజు వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుంటే ఫోన్లో ఆడుతుంది. టీవీకి పంపితే మాత్రం చాలా యాప్‌లు మళ్ళీ నెట్ నుంచే లాగుతాయి. ఫైబరు ఉన్న ఇంట్లో హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ చాలు. ప్లాను పెంచేముందు రూటరును బీరువా వెనక నుంచి తీసి బయట పెట్టి చూడండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మన తీరానికి ఎక్కువ. జోరువానలో డీటీహెచ్ బొమ్మ పోతుంది. ఉపగ్రహం నుంచి వచ్చే కేయూ బ్యాండు సంకేతాన్ని నీటిచుక్కలు మింగేస్తాయి. డిష్ తిప్పొద్దు, వాన తగ్గితే అదే వస్తుంది, తిప్పితే వాన తగ్గాక కూడా రాదు. వాయుగుండం హెచ్చరిక వచ్చిన రోజే రెండు మూడు సినిమాలు ఫోన్లోకి దించి పెట్టుకోండి.

ఎండాకాలం కరెంటు పోయినప్పుడు: 43 అంగుళాల టీవీకి 100 వాట్లు, రెండు పాత ఫ్యాన్లకు 150, ట్యూబులైటుకు 20, రూటరుకు 12. మంచి స్థితిలో ఉన్న 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ ఈ లెక్కన సుమారు నాలుగు గంటలు లాగుతుంది. నాలుగేళ్ళు దాటిన బ్యాటరీ అయితే రెండు గంటలకు మించి నమ్మొద్దు. ఆ రాత్రికి మాయాబజార్ వద్దు, ఈగ పెట్టుకోండి. రూటరు ఇన్వర్టరు లైనులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. చాలా ఇళ్ళలో టీవీ వెలుగుతుంది, నెట్ పోతుంది.

ఇంట్లో చూడకూడనివీ కొన్ని ఉన్నాయి. బాహుబలి, ఆర్ఆర్ఆర్ లాంటివి మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు అక్కడే చూడండి. సూళ్ళూరుపేటలో 2019లో తెరిచిన హాల్లో తెర వంద అడుగులకు పైగా వెడల్పు ఉంటుంది. నెల్లూరు నుంచి హైవే మీద వెళ్ళి పొద్దుటి ఆట చూసి, మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి ఇంటికి చేరొచ్చు. ఆ సాయంత్రానికి పిలకాయలు అలిసిపోయి ఉంటారు. ఇక ఇంట్లో ఏదీ పెట్టనక్కర్లేదు.